దొరకని రోజు

నాలుగేళ్లుగా ఒక సాయంత్రం బరువు నా మీద ఉంది. బరువు అనడం కూడా ఖచ్చితమైన మాట కాదేమో. బరువైతే ఎక్కడో ఒకచోట దించుకోవచ్చు. ఇది నా పనిలోనే కలిసిపోయింది. చేతులకు తొడుగులు వేసుకున్న ప్రతిసారీ దాన్నీ తొడుక్కుంటున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

నేను సూక్ష్మజీవశాస్త్రం చదివాను. అనంతపురంలో ఒక ప్రైవేటు ల్యాబుకు నమూనాలు సేకరించే కేంద్రం నా బాధ్యత. కోవిడ్ వచ్చిన రెండో ఏడు, ఆగిపోయిన విమానాలు మళ్లీ కదిలినప్పుడు, కువైటుకు తిరిగి పోవలసినవాళ్లు మా కేంద్రం ముందు బారులు తీరారు. పరీక్షకు నమూనా ఇచ్చిన తరువాత డెబ్బై రెండు గంటలు దాటకుండా అక్కడ దిగాలి. రిపోర్టు చేతికి వచ్చినప్పటి నుంచి గంటలు మొదలవుతాయని చాలామంది అనుకునేవారు. కాదు, ముక్కులో పుల్ల పెట్టిన క్షణం నుంచే మొదలవుతాయని నేను ఓపికగా చెప్పేవాణ్ణి. నమూనా బెంగళూరుకు పోయి ఫలితం రావడానికి ఒక రోజు పడుతుంది. విమానం ఆలస్యమైతే కొంత వెసులుబాటు ఉండాలి. కాబట్టి అందరికీ ఒకటే సలహా ఇచ్చేవాణ్ణి: మరీ ముందుగా ఇవ్వకండి, ప్రయాణానికి రెండు రోజుల ముందు ఇవ్వండి.

ఒక్కడికి మాత్రం వేరుగా చెప్పాను.

నరసింహులు నాతోపాటు బడిలో చదివినవాడు. కువైటులో ఒక ఇంట్లో కారు డ్రైవరు. శనివారం సాయంత్రానికి అక్కడ దిగాలి. బుధవారం కేంద్రం మూసే వేళకు వచ్చి, లోపలికి రాకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఏమప్పా, టెస్టు రేపు ఇచ్చేదా, ఎల్లుండా?"

"రేపు ఇయ్యి. ఎందుకు, ఏమైంది?"

"ఇంటామెకు నిన్నట్నుంచి జరం. వాసన గూడా తెల్డం లేదంటాంది. సోమవారమే గుంతకల్లు నుంచి వచ్చినాది, వాళ్లమ్మోళ్లింటికి పోయి."

"నీకు?"

"నాకేమీ లేదు. గుండ్రాయి మాదిరి ఉండా." గొంతు తగ్గించి అన్నాడు. "వీసా ఇంగ వారమే ఉండాది. ఈ తూరి పోకుంటే ఆ సేటు ఇంగొకన్ని పెట్టుకుంటాడు. అన్ని బుక్కులు సదివినావు, ఒక దావ సూపలేవా?"

నేను లెక్క వేశాను. భార్య సోమవారం వచ్చింది. ఇతనికి సోకి ఉంటే ఇంకా రెండు రోజులే. వైరస్ ముక్కులోకి పరీక్షకు అందేంతగా చేరడానికి మరికొంత సమయం కావాలి. ఈ సాయంత్రం ఇస్తే డెబ్బై రెండు గంటల అంచున సరిపోతుంది.

"ఇప్పుడే ఇయ్యి. రేపో ఎల్లుండో ఇస్తే దొరికిపోతావు."

అతను పెద్దగా నవ్వాడు. "యప్పా! నువ్వు ల్యాబోనివి కాదప్పా, దొంగల మేస్త్రివి!"

నేనూ నవ్వాను.

ఆ 'దొరకడం' అనే మాటను పట్టి ఎన్నిసార్లు ఆలోచించానో. మా పనిలో వైరస్ దొరుకుతుంది, లేదా దొరకదు. మనిషి దొరకడు. ఆ సాయంత్రం నేను వైరస్ వైపు నుంచి మాట్లాడాను. నా చదువంతా దాన్ని పట్టుకోవడానికి. ఆ చదువుతోనే దానికి తప్పించుకునే దారి చూపాను.

ఎందుకు చేశాను? అతను నాకు ఏమీ ఇవ్వలేదు. స్నేహం కోసం చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా నిజం కాదు. దావ చూపలేవా అన్నప్పుడు నాకు రోషం వచ్చింది. చూపగలిగినప్పుడు గర్వం కలిగింది. వేల నమూనాలు తీసినా నాకు తెలిసినదానితో తెలివిగా ఒక్క పని చేసే అవకాశం ఎప్పుడూ రాలేదు. అది వచ్చిందని సంతోషించాను. అంతే. ఇంతకంటే గౌరవమైన కారణం కోసం నాలోపల వెతికాను. లేదు.

గురువారం అతని ఫలితం వచ్చింది. నెగెటివ్.

ఆ గురువారమే రత్నమ్మ నమూనా ఇచ్చింది. గార్లదిన్నె దగ్గరి పల్లె ఆమెది. కువైటులో ఒక ఇంట్లో ఆరేళ్లు వంట చేసింది. సెలవుకు వచ్చి విమానాలు లేక ఏడాదిన్నర ఇక్కడే చిక్కుకుంది. ఆ ఇంటివాళ్లు ఆమె కోసం ఎదురుచూశారు, మళ్లీ రమ్మన్నారు. ఆమెకు నేను సక్రమంగా, లోతుగా నమూనా తీశాను. కళ్ల వెంబడి నీళ్లు కారుతున్నా తల కదల్చలేదు. ఆమె రిపోర్టు నెగెటివ్. అది నిజమైన నెగెటివ్.

శుక్రవారం రిపోర్టు కోసం వచ్చినప్పుడు, బెంగళూరు దాకా ఒంటరిగా పోవాలంటే భయంగా ఉందని, మనవైపు వాళ్లు ఎవరైనా అదే విమానానికి పోతున్నారా అని అడిగింది. నరసింహులు పేరు చెప్పాను. కారు కూడా నేనే మాట్లాడి ఇచ్చాను.

ఇక్కడ మీరు నన్ను ఆపి అడగాలి: తెలిసి పంపావా? నిజాయితీగా చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఆ క్షణంలో నాకు గుర్తుకు వచ్చింది అతని భార్య జ్వరం కాదు, అతని రిపోర్టు. ఆ కాగితం ఏమీ చెప్పదని తెలిసిన మనిషిని ఆ రోజు నేనొక్కణ్ణే. అయినా దాన్ని నేనే నమ్మాను. దొంగనోటు అచ్చువేసినవాడే దాన్ని చిల్లరగా తీసుకుని జేబులో వేసుకున్నట్టు. శనివారానికి అతనికి అయిదో రోజు. ఇతరులకు బాగా అంటించే రోజులు అవే. కారులో ఏసీ. అద్దాలు మూసి ఉన్నాయి.

కువైటులో దిగాక గదిలో విడిగా ఉంచినప్పుడు చేసిన పరీక్షలో ఇద్దరికీ దొరికింది. నరసింహులుకు ఒళ్లు కూడా వెచ్చబడలేదు. తరువాత పనిలో చేరాడు, ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. రత్నమ్మ నెలకు పైగా ఆసుపత్రిలో ఉంది. లేచి నిలబడేసరికి ఆ ఇంటివాళ్లు వేరొకరిని పెట్టుకున్నారు. ఆమెను తిప్పి పంపించారు.

వచ్చిన తరువాత ఒకరోజు ఆమె మా కేంద్రానికి వచ్చింది. నాలుగు మెట్లు ఎక్కి, బెంచీ మీద కూర్చుని, మాట రావడానికి చాలాసేపు ఆగింది. నా రిపోర్టు తప్పని నిలదీయడానికి వచ్చిందనుకున్నాను. దానికి జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. ఆమె వేరొకటి అడిగింది.

"సారూ, బెంగళూరు పోతా బాగేపల్లి దాటినాక నేనే ఆకలంటే బండి నిలిపినారు. మాస్కు తీసి ఇద్దరం ఇడ్లీ తింటిమి. ఆడే అంటుకొని ఉంటాది కదా? నా వల్ల ఆ యన్నకు గూడా వచ్చె, పాపం."

నేను ఏమన్నానో తెలుసా?

"అయ్యుండొచ్చమ్మా."

ఆమె వ్యాధికి మూలం నరసింహులే అని శాస్త్రప్రకారం నేను నిరూపించలేను. విమానాశ్రయంలో సోకి ఉండవచ్చు, విమానంలో సోకి ఉండవచ్చు. ఆ అనిశ్చితి వెనుక చాలాకాలం దాక్కున్నాను. కానీ ఈ మాటకు ఏ అనిశ్చితీ లేదు. ఒక మనిషి తనది కాని తప్పును చేతుల్లో పట్టుకుని వచ్చి, ఇది నాదేనా అని అడిగితే, నీదే కావచ్చు అని ఆమెకే తిరిగి ఇచ్చి పంపాను. మొదటి తప్పు గర్వంతో చేశాను. రెండోది భయంతో. రెండోదే ఎక్కువ నీచమైనదని ఇప్పుడు అనుకుంటున్నాను.

రత్నమ్మ ఇప్పుడు బరువులు మోయలేదు. పొలంలో కూర్చుని వేరుశెనగ కాయలు తెంపే పనికి మాత్రం పోతుంది. "ఇడ్లీలకు కువైటు అమ్ముకున్న్యావు కదమ్మా" అని వదిన ఎగతాళి చేస్తుందట. తానే నవ్వుతూ నాతో చెప్పింది. ఊపిరితిత్తుల పరీక్షలకు అనంతపురం వచ్చినప్పుడల్లా పొద్దున్నే బయలుదేరి చీకటి పడ్డాక ఇల్లు చేరుతుంది. ఆ రోజంతా ఏమీ తినదు. పోయిన నెల టీ తెప్పించి ఇవ్వబోయాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "వద్దు సారూ, బయట నోరు తెరవకూడదని ఒట్టు పెట్టుకున్న్యా" అంది.

ఆ రోజు కూడా నేను చెప్పలేదు. రేపు చెబుతానని మీకు మాట ఇవ్వలేను. నేను ఎలాంటివాణ్ణో మీకు ఇప్పటికే తెలిసింది. అయినా ఒక వాక్యం రాయగలుగుతున్నాను, ఇంతవరకు మనసులో కూడా పూర్తిగా అనుకోనిది: రత్నమ్మ ఆకలిలో ఏ తప్పూ లేదు, జ్వరం ఉన్న ఇంటి నుంచి వచ్చిన మనిషి పక్కన, తెలిసి, ఆమెను కూర్చోబెట్టింది నేను.

రాశాక ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది. అది నాకు ఆడడం న్యాయమేనా అన్నది మాత్రం నాకు తెలియదు.