తగ్గినా మల్టిప్లయరే

ఈ రోజు తిరువూరు బళ్లో నా లెక్కల క్లాసుకు ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. నాది టెంపరరీ ఉద్యోగం. ఆయన బాగుందంటేనే నిలుస్తుంది. ధర నూటికి పది పెరిగితే ఒకటి పాయింట్ ఒకటితో గుణించాలని, ఆ సంఖ్యను ఇంగ్లీషులో మల్టిప్లయర్ అంటారని చెప్పాను.

“మరి తగ్గితే భాగించాలిగా, డివైజర్ అనాలి కదమ్మా,” అన్నారాయన.

వెనక నుంచి హెడ్మాస్టరు గారు అవునని చెప్పమన్నట్టు తల ఊపారు. అలాగే అందామని నోరు తెరిచాను. కానీ పిల్లలు అప్పుడే డివైజర్ అని రాసుకుంటున్నారు.

“కాదండి. నూటికి పది తగ్గితే పాయింట్ తొమ్మిదితో గుణిస్తాం. అదీ మల్టిప్లయరేనండి.”

హెడ్మాస్టరు గారు కళ్లు మూసుకున్నారు.

“ఎక్కడ చదివావమ్మా?” అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

“కాన్వెంట్లోనండి.”

“అదీ సంగతి,” అని వెళ్లిపోయారు.

అది మెప్పో దెప్పో తెలియక అన్నం సయించలేదు. మీరైతే ‘అవునండి’ అనేవారా?