తెల్ల కుక్కపిల్ల ధైర్యం

ఆ కుక్కపిల్లను జాలిపడి ఇచ్చానని ఇంట్లో ఇన్నాళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. అది నిజం కాదు.

మక్తల్ బస్సులో నా ఒళ్లో తెల్ల కుక్కపిల్ల పడుకుని ఉంది. డ్రైవరు ఎంత హారన్ కొట్టినా అది ఉలకలేదు. పక్కన కూర్చున్న గొర్రెల కాపరి మురిసిపోయాడు.

"గింత ధైర్యమున్న కుక్క తోడేండ్లకు బెదరదు. తల్లి గూడ గిట్లనేనా, పటేలా?"

తల్లి పుట్టుచెవిటిది. దానికి తెల్లగా పుట్టిన పిల్లలన్నీ చెవిటివే. దీన్ని ఎక్కడైనా వదిలేయడానికే తీసుకుపోతున్నాను.

"తల్లి ఇంకా మొండిది. కావాల్నా?" అన్నాను, నవ్వు ఆపుకుంటూ.

అతను పిల్లను గొంగడిలో చుట్టుకున్నాడు. "మంద కాడ మా ఇంటిది ఒక్కతే పండుకుంటది. ఇగ ఫికర్ లేదు" అని దండం పెట్టి దిగాడు.

నేనూ తిరిగి దండం పెట్టాను.