పసుపు పడిన సీసాలు

మా వదినకి కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. నాకైతే అది ముక్కు మీదే ఉంటుంది. అందుకేనేమో, డెబ్బైల నాటి ఆ ముచ్చట తలుచుకుంటే ఇప్పటికీ ఆవిడంటే అబ్బురమే.

ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టరు వెనక నేలవేము మొలిచేది. బెంగాలీలు కాల్‌మేఘ్ అనే ఆ చేదు మొక్కతో అమ్మ జ్వరానికి కషాయం కాసేది. వదిన కాలేజీలో బోటనీ డెమాన్‌స్ట్రేటరు. గాజు పళ్ళెంలో సూక్ష్మక్రిముల్ని పెంచి, మధ్యలో ఆకు రసం చుక్క వేసి, ఏ చుక్క చుట్టూ క్రిములు చచ్చాయో చూసేది. మా గోడవార మొక్క ఒకదాని రసానికి అన్నిటికన్నా పెద్ద ఖాళీ ఏర్పడింది. ఆ ఒక్కదాన్నే పదుల్లో పెంచాలని వదిన పట్టుదల. చక్కెర, లవణాలు కలిపిన జావని క్రిములు చచ్చేలా కుక్కర్‌లో ఉడికించి, సీసాల్లో గడ్డకట్టాక ఆ మొక్క కణుపు ముక్క నాటి, మూతికి దూది బిగించేది. ఒక్క సీసాలో వేళ్ళు వచ్చినా తన దగ్గర పరిశోధనకి చేర్చుకుంటానని వాళ్ళ కాలేజీ ప్రొఫెసరుగారు మాటిచ్చారు.

చిగుళ్ళు వచ్చాయి. అంతలో విశ్వకర్మ పూజ వచ్చిపడింది.

నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ రోజు స్పానర్ నుంచి కుట్టుమిషను దాకా అన్నిటికీ పసుపూ బొట్టూ పడాల్సిందే. మరి కోడలి పనిముట్లని వదులుతాడా? బొట్లు పెట్టి ఊరుకున్నా బాగుండేది. క్రిములు చేరితే మొక్క పోతుందని వదిన అనగా విన్నాడు. పసుపు క్రిముల్ని చంపుతుందిగా అని, ఆవిడ కాలేజీకి వెళ్ళాక ఒక్కో సీసా దూదీ తీసి, చిటికెడు పసుపు వేసి, మళ్ళీ భద్రంగా బిగించాడు. పొడి పసుపులోనే మట్టి తాలూకు క్రిములుంటాయని ఆయనకేం తెలుసు? వారం తిరక్కుండా అన్నిటికీ బూజు పట్టింది.

"నానేటి సేసినానమ్మా?" అన్నాడు నాన్న, సీసాల వంక చూస్తూ.

నేనైతే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. వదిన నవ్వి, "పసుపుని ఉడికించలేదు మావయ్యా, అంతే" అంది. ప్రొఫెసరుగారితో మాత్రం తప్పు తనదేనని చెప్పి, ఇంకో అవకాశం అడిగి వచ్చింది. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా, ఆ సంగతి నాన్నకి చెప్పేశాను.

అన్నం కలుపుతున్న నాన్న చెయ్యి ఆగిపోయింది. మర్నాటి నుంచి డ్యూటీ దిగి వచ్చి, క్రిములు చేరకుండా లోపలే నాటుకునేందుకు, ముందువైపు అద్దం, చేతులు దూరేంత కంతలు ఉన్న చెక్కపెట్టె చెయ్యడం మొదలుపెట్టాడు. ఆ అతుకుల్లోంచి గాలి కూడా దూరదు! వదిన అందులో చేతులు పెట్టి మళ్ళీ నాటింది. కొన్ని పోయాయి, మళ్ళీ నాటింది. చివరికి ఒక సీసాలో దారప్పోగుల్లాంటి తెల్లటి వేళ్ళు కనపడ్డాయి. ప్రొఫెసరుగారు మాట నిలబెట్టుకున్నారు.

మరుసటి విశ్వకర్మ పూజకి అమ్మ పసుపు గిన్నెతో సీసాల వైపు నడిచింది. నాన్న అడ్డం పడ్డాడు.

"ఆటికి గాదే. కోడలి సేతులకి రాయి. అసలు పనిముట్లు అవే."

అమ్మ వదిన రెండు చేతులకీ పసుపు రాసింది. వదిన కళ్ళనిండా నీళ్ళు. నాన్న గుమ్మం దగ్గర్నుంచే కేకేశాడు:

"సబ్బెట్టి కడుక్కోకండా సీసాలు ముట్టుకోకమ్మా!"