అన్న తిప్పిన హ్యాండిల్

పోయిన వారం ఖమ్మంలో ఎముకల డాక్టరు నా ఎడమ మణికట్టును అటూ ఇటూ వంచి చూసి, "కుట్టుమిషన్ తొక్కుతారా అమ్మా?" అని అడిగాడు. లేదన్నాను. "పిండి గట్టిగా కలుపుతారా?" అన్నాడు. ఆడవాళ్ల చేతులకు ఇంకే పనీ ఉండదనుకునే చదువు ఎక్కడ చదివాడో అడుగుదామనుకున్నాను గానీ, నొప్పి నాది కాబట్టి తగ్గి, సైకిల్ అన్నాను. సైకిల్ తొక్కితే ఇట్లా రాదన్నాడు. ముందు చక్రం లేపి వెనక చక్రం మీద తొక్కుతాను, ఒక్కోసారి ముందు చక్రం పక్కనున్న ఇనుప పైపు ముక్క మీద కాలు పెట్టి వెనక భాగాన్ని గాల్లో చుట్టూ తిప్పుతాను అని వివరించాను. ఆయన పెన్ను కింద పెట్టాడు. "ఈ వయసులోనా?" అన్నాడు. "ఏ వయసు దాకా తిప్పొచ్చో మీ పుస్తకాల్లో ఉంటే చూపించండి" అన్నాను. చూపించలేదు. చెయ్యి ఎప్పుడూ ఒకే పక్కకు మెలిపడి ఉండటం వల్ల నరం నలుగుతోందని, హ్యాండిల్ సరిచేయించుకోవడమో, తొక్కడం మానడమో తేల్చుకోకపోతే వేళ్లు మొద్దుబారతాయని చెప్పి, "మీ హ్యాండిల్ ఏమైనా వంకరగా ఉందా?" అని అడిగాడు.

హ్యాండిల్ వంకరే. దాన్ని వంకర చేసింది మా అన్న. మేం అప్పుడు పాల్వంచలో కంపెనీ కాలనీ క్వార్టర్లో ఉండేవాళ్లం, నాన్నది షిఫ్టు డ్యూటీ. పక్క లైన్లో ఉన్న ఇంజనీరు బదిలీ మీద వెళ్లిపోతూ తన కొడుకు పొట్టి బీఎమ్ఎక్స్ సైకిల్‌ని మాకిచ్చి వెళ్లాడు. దానితోపాటు ఆ పిల్లవాడు మా కళ్లకు ఒక జబ్బు కూడా అంటించి పోయాడు. కాలనీ క్లబ్బులో ఒక వీడియో క్యాసెట్ వేయించాడు, అందులో ఎవరో తెల్లపిల్లలు ఇట్లాంటి సైకిళ్ల మీద నిలబడి, హ్యాండిల్‌ను బొంగరంలా తిప్పి, మళ్లీ దాని మీదే వాలేవాళ్లు. దాన్ని ఫ్రీస్టైల్ అంటారని తర్వాత తెలిసింది. అన్న మర్నాడే మడ్‌గార్డులు, స్టాండు, చైన్ కవరు పీకేశాడు. ఐదు రెక్కల ప్లాస్టిక్ చక్రాలు మాత్రం ఉంచాడు. లేతు మిషన్ మీద పనిచేసే నాన్న స్నేహితుడి చేత పైపు ముక్కలు కోయించి ఇరుసులకు బిగించాడు, కాళ్లు పెట్టి నిలబడటానికి. క్లబ్బు వెనక ఆటలాడే సిమెంటు కోర్టు మా బడి. అన్న ముందు, నేను వెనక. పడటంలో మాత్రం నేనే ముందు.

ఒకసారి అన్న పడ్డాడు, ఎడమ చెయ్యి విరిగింది. నాయనమ్మ దవాఖానా వద్దని బూర్గంపాడు అవతల కట్టు కట్టే ముసలాయన దగ్గరికి పంపింది. ఆయన వెదురు బద్దలు పెట్టి, ఆకు పసరు పోసి, చక్కగానే కట్టాడు, తను చెప్పేదాకా విప్పొద్దన్నాడు. అన్న విన్నాడా? చేతికి దురద పుట్టిందని, అసలు సంగతి సైకిల్ దురద, ముందే విప్పేసుకున్నాడు. మణికట్టు లోపలికి తిరిగి అతుక్కుంది. మామూలు హ్యాండిల్ పట్టుకుంటే చెయ్యి నిలవలేదు. మరొకరైతే సైకిల్ మానేవారు. అన్న స్పానర్ తెచ్చి హ్యాండిల్ నట్టు వదులు చేసి, ఎడమ పిడి కాస్త వెనక్కి వచ్చేలా తిప్పి బిగించాడు. చక్రం సూటిగా పోతుంటే హ్యాండిల్ మాత్రం ఎడమకు చూసేది. "చెయ్యి ఇగ సీదా కాదు గాని, హ్యాండిలే చేతి కాడికి వస్తది" అన్నాడు, ఏదో కొత్త యంత్రం కనిపెట్టినట్టు.

మన వైపు సైకిల్ హ్యాండిల్ వంకరగా కనిపిస్తే చూస్తూ ఊరుకునే మగవాడు పుట్టలేదు. చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి ఒక్క గుంజు గుంజి సరిచేసిందాకా వాళ్లకు అన్నం అరగదు. నాన్న డ్యూటీ దిగి రాగానే అదే పని. "తాగినోని సైకిల్ లెక్క ఉన్నది, ఎవలన్న జూస్తే ఏమనుకుంటరు?" అనేవాడు. ఆయన సరిచేస్తే అన్న మళ్లీ తిప్పేవాడు. చాలా రోజులు ఆ ఇంట్లో తండ్రీకొడుకుల సంభాషణ ఆ ఒక్క నట్టు ద్వారానే జరిగింది.

అన్నకు పందొమ్మిదేళ్లప్పుడు, వానల కాలంలో, భద్రాచలం అవతల అడవిలోని స్నేహితుడి ఊరికి వెళ్లి చలిజ్వరంతో తిరిగొచ్చాడు. మలేరియా మాకు కొత్త కాదు, గోలీలు మింగి పడుకునేవాళ్లం. ఈసారి అది మెదడుకెక్కింది. జ్వరం తెరిపినిచ్చిన ఆదివారం కోర్టులో చక్రం లేపిన మనిషి ఆ వారం దాటలేదు.

పదకొండో రోజున గొడవ వచ్చింది. మా అమ్మది కోస్తా వైపు. "పోయినవాళ్ల వస్తువులు ఇంట్లో ఉంచకూడదే. బట్టలతో పాటు సైకిలూ ఇచ్చేద్దాం" అంది. ఇవ్వనన్నాను. శాస్త్రం చూపించమన్నాను. ఏడుపు ఇల్లని కూడా చూడకుండా పురోహితుడితో వాదనకు దిగాను. చివరికి నాయనమ్మ గోడకు ఆనుకుని కూర్చున్న చోటునుంచే తీర్పు చెప్పింది.

"తొక్కెటోళ్లు ఉండంగ అది పోయినోనిది ఎట్లయితది? ఇది తొక్కుతది. తొక్కినన్ని దినాలు అది దీనిదే. ఇడిసి గోడకు పెట్టిందా, ఇగ అది వానిదే, గోదార్ల కలిపెయ్యుండ్రి."

ఆ తీర్పుకు నేను కట్టుబడ్డాను. పెళ్లిరోజున పసుపు చేతులతో పెరట్లో ఒక చుట్టు తిరిగాను. "నాకన్న ముందుగాల దానితోనే నీ లగ్గమైంది" అని మావారు ఇప్పటికీ దెప్పుతారు. కడుపుతో ఉన్నప్పుడు నేను సీటు మీద కూర్చుంటే ఆయనే పట్టుకుని నడిపించారు. ఇంటి చుట్టూ, ఎవరూ చూడకుండా, మొహం మాడ్చుకుని. హ్యాండిల్ మాత్రం అన్న తిప్పినట్టే ఉంచాను. నాన్న కూడా ఇక ముట్టుకోలేదు. వరండాలో దాని పక్కనుంచి వెళుతూ ఒక్కసారి చెయ్యి చాచి, పిడి దాకా వచ్చి వెనక్కి తీసుకోవడం నేను చూశాను.

అమ్మ సంగతి వేరు. తొక్కడం ఆపి సైకిల్‌ని జారనిస్తే వెనక చక్రం టికటికమంటుంది. కోర్టునుంచి నేను ఇంటి మలుపు తిరిగేసరికి ఆ చప్పుడు వంటింట్లోకి ముందు వెళ్లేది. "కాళ్లు కడుక్కుని రారా" అని అమ్మ లోపలినుంచే అనేసేది. గుమ్మంలోకి వచ్చి నన్ను చూసేది. తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది. రోజుకొకసారి ఆమె కొడుకు ఇంటికొచ్చేవాడు, గుమ్మం దాకా వచ్చి పోయేవాడు. పెళ్లయ్యాక కూడా నేను అమ్మావాళ్లతోనే ఉన్నాను కాబట్టి, ఆమె పోయేదాకా అంతే. నా సంగతి చెప్పాలంటే, ఆ ఎడమ పిడి పట్టుకున్నప్పుడల్లా, ఎవరో అప్పుడే చెయ్యి తీసిన చోట నా చెయ్యి పెట్టినట్టుండేది. చలికాలం పొద్దున కూడా కుడి పిడి చల్లగా, అది గోరువెచ్చగా. రబ్బరు అరుగుదలలో తేడా అని నాకు నేనే వాదించి చెప్పుకున్నాను. ఆ వాదనలో నేను గెలవలేదు.

డాక్టరు మాట హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అమ్మాయికి ఫోన్లో చెప్పాను. "హ్యాండిల్ సీదా చేపియ్యి, తొక్కు. గంతే కదా? మామ ఏమన్న అనుకుంటడా?" అంది. "అనుకుంటే మంచిగుండు గదనే" అన్నాను. మానేస్తే నాయనమ్మ తీర్పు ప్రకారం సైకిల్ అన్నది అయిపోతుంది, అంటే గోదావరిది. సరిచేయిస్తే సైకిల్ నాకు మిగులుతుంది, అందులో ఉన్న అన్న పోతాడు. రెండువైపులా వాదించి చూశాను. రెండువైపులా నేనే ఓడాను.

చివరికి తొక్కడం మానలేక, నిన్న పాల్వంచ బస్టాండు దగ్గర సైకిల్ షాపుకు తీసుకెళ్లాను. "గిన్నేండ్లు గిట్లనే తొక్కినవా అక్కా?" అని మెకానిక్ నవ్వి, చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి ఒక్క గుంజు గుంజాడు. అంతే. తల తిప్పుకుందామనుకున్నాను, అంత వ్యవధి కూడా ఇవ్వలేదు.

ఈ పొద్దున క్లబ్బు వెనక ఆ కోర్టులోనే ఎక్కాను. రెండు పిడులూ చల్లగానే ఉన్నాయి. సూటిగా గోడవైపు పోదామని తొక్కాను. సైకిల్ ఎడమకు తిరిగింది. సర్దుకుని మళ్లీ తొక్కాను, మళ్లీ ఎడమకే. నా ఎడమ చెయ్యి దానంతటదే పిడిని వెనక్కి, అన్న పెట్టిన చోటికి లాగుతోంది. భుజం దాని వెంట ఒరుగుతోంది. వాకింగ్‌కు వచ్చిన రిటైర్డ్ పెద్దమనిషి ఆగి, "ఏంది మేడమ్, ఒక్క కాడనే గిరగిర తిరుగుతున్నరు?" అన్నాడు. "మీరు రోజూ తిరిగేదేందండీ?" అన్నాను. దిగి చూశాను. హ్యాండిల్ నూలు పట్టినట్టు సూటిగా ఉంది. వంకర సైకిల్లో లేదు. బట్టల వెంటో, గోదావరి వెంటో పంపడానికి వీల్లేని చోట ఉంది. అది సంతోషమో భయమో తేల్చుకోలేక అక్కడే సిమెంటు మీద కూర్చుని మణికట్టు నొక్కుకున్నాను. అన్న పందొమ్మిదేళ్ల దగ్గరే ఆగిపోయాడు. అతని చెయ్యి మాత్రం నా దగ్గర ఉండి ముసలిదవుతోంది.