మొదటి దోసిలి

మా అత్త నోటి సంగతి ముందే చెప్పేస్తే మంచిది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా అత్త నోటివల్ల ఊరు మంచిదైందో లేదో గానీ, ఊరు మాత్రం ఆ నోటికి అలవాటుపడిపోయింది. మద్దేడ్ అవతల, అడవి అంచున మా ఊరు. బస్తరు ఇంకా రాజుల ఏలుబడిలో ఉన్న రోజులు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె కేకకు దూడలు కూడా మేత మానేసి తలెత్తి చూసేవి.

రెండో కాన్పు తర్వాత నాకు కీళ్ళనొప్పులు పట్టుకున్నాయి. మొదట వేళ్ళు, తర్వాత మణికట్లు, ఆపైన మడమలు. పొద్దెక్కితే ఫరవాలేదు. తెల్లవారేసరికి మాత్రం చేతులు నావి కానట్టే ఉండేవి. పిడికిలి మూసుకోదు, మూస్తే తెరుచుకోదు. చంటిదాని మొలతాడు ముడి విప్పలేక ఏడ్చిన పొద్దులున్నాయి. మా ఊరి పూజారి మంత్రించి తాడు కట్టాడు. మా ఆయన బండి కట్టి జగదల్‌పూర్ దవాఖానాకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు హిందీలో చెప్పింది నాకు తెలుగులో చెప్పడానికి ఆయన దారంతా నసిగాడు. చివరికి మా ఊరి పొలాలు కనబడ్డాక నోరు విప్పాడు. "తగ్గుతదంట గానీ, పోదంట."

ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను. మా అత్త గుమ్మంలో నిలబడింది.

"ఏందే, పోదన్నరా?"

"పోదన్నరు."

"పోకపోతే మాయె. సవతి వచ్చిందనుకో. ఇంట్లకొచ్చిన సవతి పొమ్మంటే పోతదా? పొయ్యికాడ పెత్తనం మాత్రం దానికియ్యకు. లే, నీళ్ళు కాగినయ్."

ఒళ్ళు మండిపోయింది నాకు. ఎద్దు పుండు కాకికి నొప్పా, అని మనసులో తిట్టుకున్నాను. పైకి అనే ధైర్యం ఎక్కడిది!

ఆ రోజు నుంచి ఆమె నన్ను వదల్లేదు. పొద్దున్నే చిన్న కుండలో వావిలాకు వేసి కాచిన నీళ్ళు నా ముందు పెట్టేది. చేతులు ముంచి, నీళ్ళలోనే వేళ్ళు ఒక్కొక్కటే వంచమనేది. నేను "అమ్మో" అంటే, "అమ్మను ఎంతసేపన్నా పిలువు, వేలు మాత్రం వంచు" అనేది. ఇసుక వేయించి మూటగట్టి మణికట్ల మీద కాపడం పెట్టేది. గరిటె కాడకు, చీపురు మొదలుకు గుడ్డ పేలికలు చుట్టి లావు చేసింది. సన్నటి కాడ పట్టుకోలేని చేయి, లావుదైతే పట్టుకుంటుంది. గంప చేత్తో మొయ్యకుండా తాడుతో నడుముకు కట్టించింది. అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పిన మాట ఒకటుంది. "నొప్పి లేసినంక కూసునుడు కాదే పిల్లా. లేవకముందే కూసోవాలె."

ఇవన్నీ ఆమెకెలా తెలుసో అడగాలని నాకు తోచలేదు. అత్తలకు అన్నీ తెలుస్తాయనుకున్నాను.

ఇంతలో ఇప్పపూల కాలం వచ్చింది. మా ఊళ్ళో ఇప్పచెట్లు ఆడవాళ్ళవి. అత్త కోడలికిస్తుంది. ఎండబెట్టి దాచుకున్న ఇప్పపువ్వే మాకు వానాకాలం కూడు. అంగడిలో ఉప్పు తెచ్చుకోవాలన్నా ఆ పువ్వే ఇవ్వాలి. చెట్లు తక్కువ, ఇళ్ళు ఎక్కువ కాబట్టి ఊరికొక కట్టుబాటు ఉంది. పూలు రాలడం మొదలయ్యాక పటేలు ఒక రోజు ఎంచి, ఆ వేకువనే ఒక్కో చెట్టు దగ్గరికి వస్తాడు. ఆ చెట్టుగల మనిషి ఆయన కళ్ళముందు మొదటి దోసిలి తన చేత్తో ఏరి చెట్టు మొదట్లో పెట్టాలి. ఆ తర్వాత ఇంట్లో ఎవరు ఏరుకున్నా అడిగేవాళ్ళు లేరు. మొదటి దోసిలి ఏరలేకపోతే ఆ చెట్టు, చెట్టు లేని ఇంటికి పోతుంది. అందులో అన్యాయమేమీ లేదు, వాళ్ళకూ కడుపులున్నాయి. కానీ నా చెట్టు నాది. మా అత్త తనకున్న రెండిట్లో పెద్దది నాకిచ్చి, చిన్నది తాను ఉంచుకుంది.

నా చేతుల సంగతి ఊరంతా తెలుసు. వాగు దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి "పాపం" అనడం మొదలుపెట్టారు. ఆ మాట వింటే నాకు నొప్పి కన్నా ఎక్కువ కోపం వచ్చేది.

"కొంచెం ఎండెక్కినంక రమ్మని పటేలును అడుగుదామా అత్తా?" అన్నాను ఒకరోజు.

"అడిగినవంటే అయిపోయె! ముందు జాలిపడతరు. జాలిపడి గుంజుకుంటరు. నోరు మూసుకొని వేళ్ళు వంచు."

తీరా ఆ వేకువకు ముందురోజు నా ఒళ్ళు దూదిలా తేలిగ్గా ఉంది. నొప్పి లేనప్పుడు, నొప్పి ఉన్నదని నమ్మడం ఎంత కష్టమో అది పడ్డవాళ్ళకే తెలుస్తుంది. మధ్యలో కూర్చోవాలన్న మాటే మరిచి, చెట్టు కింద నేలంతా ఏకబిగిన ఊడ్చాను. రాలిన ఆకంతా కుప్పచేసి కాల్చాను. చూశావా ఎలా చేశానో, అని మా అత్తకు చూపించాలనుకున్నాను. సాయంత్రానికి వేళ్ళు వాచి దొండకాయలయ్యాయి.

ఆమె చూసింది. "బంగారమే! చీపురుతోటి పెండ్లి చేసుకున్నవా ఏంది?" అంది. ఇంకేమీ అనలేదు. ఆమె ఇంకేమీ అనకపోవడంతో నాకు నిజంగా భయం పట్టుకుంది.

వేకువన నన్ను నా చెట్టు కింద కూర్చోబెట్టి, వేడినీళ్ళ కుండ ముందు పెట్టి, తాను తన చెట్టు దగ్గరికి వెళ్ళింది. పటేలు వచ్చే దారిలో ముందు ఆమె చెట్టు, తర్వాత నాది. చుట్టూ టపటపా పూలు రాలుతున్నాయి. నేను వేళ్ళు వంచబోతే అవి చెక్కముక్కల్లా ఉన్నాయి. నీళ్ళు చల్లారిపోయాయి. నిన్నటి బూడిదకుప్ప లోపల వెచ్చగా తగిలితే రెండు చేతులూ మోచేతుల దాకా అందులో పెట్టుకుని కూర్చున్నాను. ఈ చెట్టు పోనివ్వను, పోనివ్వను, అని పళ్ళు బిగించి ఒక్కో వేలూ కదుపుతూనే ఉన్నాను.

అప్పుడే అత్త చెట్టు వైపు నుంచి కేకలు వినిపించాయి. మాటలు తెలియడం లేదు గానీ గొంతు ఆమెదే. పటేలుతో పేచీ పెట్టుకుంది! ఈ పొద్దునే దొరికిందా ఈమెకు, అనుకున్నాను. కేకలు ఆగుతున్నాయి, మళ్ళీ మొదలవుతున్నాయి. ఈలోగా చెట్ల మీద ఎండ పడింది. నా చూపుడువేలు కొంచెం వంగింది. దాని వెనుక మధ్యవేలు.

పటేలు వచ్చేసరికి ఎండ నా ఒళ్ళోకి వచ్చింది.

"మీ అత్త మోకాళ్ళు పట్టేసినయంట" అన్నాడు తల తుడుచుకుంటూ. "ఎండొచ్చినంక వంగుత, అందాక కూసో, నీకేం రాచకార్యం ఉన్నదని నన్ను కూసోబెట్టింది. ఇగ ఏం చేస్త, కూసున్న."

"మరి ఏరిందా?"

"ఏరింది. ఏరుకుంట గూడ నన్నే తిట్టింది."

నవ్వు ఆపుకోవడం నా తరం కాలేదు. నాకోసం ఎంత నాటకం ఆడింది! కిందికి వంగాను. బొటనవేలు, చూపుడువేలు కలిసేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొదటి పువ్వు జారింది. మళ్ళీ పట్టాను. ఒక్కో పువ్వే ఏరి దోసిలి నింపి, చెట్టు మొదట్లో పెట్టాను. పటేలు తొందరపెట్టలేదు. "నీ చెట్టు నీదే" అని తన దారిన వెళ్ళాడు.

గుప్పెడు పూలు తీసుకుని అత్త దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళాను. పటేలు వెళ్ళి అంతసేపైనా ఆమె చెట్టుకు ఆనుకుని అలాగే కూర్చుని ఉంది.

"నాటకం అయిపోయింది, ఇక లే అత్తా" అన్నాను నవ్వుతూ.

"నవ్వుడు ఆపి చెయ్యియ్యి" అంది. చీర మోకాళ్ళ పైకి జరిగి ఉంది. రెండు మోకాళ్ళూ వాచి, ఎర్రగా మెరుస్తున్నాయి.

నా నవ్వు ఆగిపోయింది.

"ఎన్నాళ్ళ సంది అత్తా?"

"నీ మొగడు పుట్టినకాడ్నుంచి."

మేము లేచేసరికే రోజూ పొయ్యి దగ్గర ఉండేది. మమ్మల్ని తిట్టడానికే అంత ముందు లేస్తుందనుకునేదాన్ని. తాను ఎలా లేస్తుందో ఎవరూ చూడకూడదని లేచేదట. జాలిపడి గుంజుకుంటరన్న మనిషి, ఇన్నేళ్ళు దాచిన మోకాళ్ళను ఆ పొద్దున ఊరిపెద్దకు తానే చూపించింది. ఏడుపొచ్చింది నాకు.

"ఏడ్చుడు తర్వాత. ముందు లేపు" అంది.

ఆమె పట్టుకుంటే నా వేళ్ళు నొప్పి. నేను లాగితే ఆమె మోకాళ్ళు నొప్పి. ఒకరినొకరు తిట్టుకుంటూ లేచాం.

"రేపటి సంది నాకంటే ముందల లేవకత్తా. ఇద్దరం కలిసే లేద్దాం."

"నువ్వు లేసేసరికి పొద్దు గుంకుతది" అంది.

మర్నాడు వేకువన నన్ను తట్టి లేపింది. పొయ్యి మీద ఎప్పటి చిన్న కుండ లేదు. పెద్ద కుండ పెట్టింది.