ఆరిన గోడ ఏది స్వామీ?

వారం రోజుల నుంచి గుడివాడలో మా తోటి స్వాములు నేను ఎదురైతే ముందు వీపు తడుముకుంటున్నారండీ. ఆ తర్వాతే "స్వామి శరణం" అంటున్నారు. ఎందుకో చెప్తాను, కాస్త దగ్గరికి జరగండి. టీ చల్లారితే ఇంకోటి పెట్టిస్తాలెండి.

నేను అయ్యప్ప మాలలో ఉన్నాను కదా. మాలలో మంచం పనికిరాదు, నేలమీద చాపే. అంటే బెడ్రూం ఖాళీ! పైగా ఏళ్ళ తరబడి బతిమాలగా బతిమాలగా మా గురుస్వామిగారు ఈసారి మా ఇంట్లో పడిపూజకి ఒప్పుకున్నారు. ఇంట్లో పెద్ద గది అదే. మాసిపోయిన ఆ ఆకుపచ్చ గోడల మధ్య స్వామిని ఎలా కూర్చోబెడతాం చెప్పండి? పూజ రోజు పొద్దున్నే రంగు వేసేద్దాం అనుకున్నా. గంధం రంగు! నేనే, నా చేతుల్తో!

మా ఆవిడతో చెప్పాను. మాలలో ఉన్న మొగుణ్ణి తిట్టకూడదు కదా, పాపం. చాలా మర్యాదగా అంది.

"స్వామీ, తమకి మతి ఉందా స్వామీ? పూజ రోజున రంగులేంటి స్వామీ? పెయింటర్ని పిలవండి స్వామీ."

"మాతా! నేను పెడనలో పుట్టాను. కలంకారీ గుడ్డల మధ్య పెరిగాను. బట్టల కొట్టు పెట్టుకుని బతుకుతున్నాను. రంగుల గురించి నాకా చెప్తున్నావు?"

అదుగో, ఆ మాటే కొంప ముంచింది.

పూజ రోజు పొద్దున్నే కొబ్బరికాయ కొట్టి, ఈశాన్యం మూల మొదలెట్టాను. ముందు తూర్పు గోడ, తర్వాత దక్షిణం, ఆ పైన పడమర. ప్రదక్షిణంగా అన్నమాట. శరణాలు చెప్పుకుంటూ రోలర్ లాగుతుంటే ఎంత హాయిగా ఉందో! నీళ్ళు కలపమన్నారు గానీ నేను కలపలేదు. దేవుడి పని, చిక్కగా ఉండాలి కదా.

పడమర గోడ దగ్గరికొచ్చి వెనక్కి తిరిగి చూశాను. తూర్పు గోడ ముదురుగా ఉంది! నా ఎదురుగా ఉన్నదేమో లేతగా ఉంది! ఒకటే డబ్బా, ఒకటే రోలర్, ఒకటే చెయ్యి. ఇదేం మాయ స్వామీ?

అప్పుడు నా పెడన బుర్ర పనిచేసింది. గుడ్డ తడిగా ఉన్నప్పుడు ముదురు, ఎండితే లేత. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నదే. అంటే తూర్పు గోడ ఇంకా ఆరలేదు. పడమర గోడ వేసీ వేయగానే ఆరిపోయింది. పడమటెండ తగిలే గోడ కదా, ఆరిపోదూ?

ఇంట్లో ఉన్న ఫ్యాన్లన్నీ తూర్పు గోడ మీదకి తిప్పాను. ముదురు తగ్గదే! ఫ్యాను పెట్టిన కొద్దీ ఇంకా ముదురుతోంది! బెంగ పట్టుకుని రంగుల షాపాయనకి ఫోన్ చేశాను.

"స్వామీ, పొద్దున వేసిన గోడ ఆరి చావడం లేదు. ఇప్పుడు వేసింది వేసినట్టే ఆరిపోతోంది. డబ్బాలో ఏమైనా తేడానా?"

ఆయన మెల్లిగా అడిగాడు. "స్వామీ, పొద్దున్నుంచీ ఏమైనా తిన్నారా?"

ఫోన్ పెట్టేశాను. ఆఖరి రోలర్ దించి స్నానం చేసొచ్చేసరికి పొద్దు వాలింది. గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది.

"వేలితో ముట్టుకుంటే తెలిసిపోతుంది కదా స్వామీ."

"మడి కట్టుకున్నాను మాతా. పీఠం ముట్టుకునే చేత్తో గోడ ముట్టుకోమంటావా?"

స్వాములొచ్చారు. నల్ల లుంగీలు, పైన ఏమీ లేదు. తూర్పు గోడకి అడ్డంగా తాడు కట్టి, "అటు తగలకండి స్వామీ, పచ్చిగా ఉంది" అని అందరికీ చెప్పాను. పీఠం కూడా ఆ గోడకి దూరంగా జరిపాను. గురుస్వామిగారికి నడుం నొప్పి. "తమరు ఇటు రండి స్వామీ, హాయిగా ఆనుకోండి" అని భుజాలు పట్టుకుని మరీ పడమర గోడకి ఆనించాను. ఆయన పక్కన వరసగా మిగతావాళ్ళు.

భజన అంటే భజనండీ అది! చప్పట్లు, ఊగడాలు. హారతి వేళకి అందరూ లేచి పీఠం ముందు సాష్టాంగ పడ్డారు. వెనక నిలబడి చూస్తే, ఆహా, వీపులన్నిటి మీదా గంధమే! ఏం భక్తి! వీపుకి కూడా పూసుకొచ్చారే, నాకెందుకు తట్టలేదు? నిజం చెప్తున్నా, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"స్వామీ," అంది మా ఆవిడ వెనక నుంచి. "గోడ చూడండి స్వామీ."

చూశాను. గంధం రంగు మధ్యలో వరసగా ఆకుపచ్చ స్వాములు కూర్చుని ఉన్నారు. కాస్త లావుగా ఉన్నది గురుస్వామిగారు.

ఆయన లేచారు. వీపు తడిమి వేళ్ళు వాసన చూసుకున్నారు. "గంధం వాసన రాదేం?" అన్నారు. ఆ తర్వాత గోడ చూశారు, నన్ను చూశారు. మాలలో కోపం పనికిరాదు కదా. మొహం ఎర్రబడింది, పెదవులు వణికాయి, చివరికి పళ్ళ సందులోంచి "స్వామియే..." అన్నారు. మిగతావాళ్ళు కప్పు ఎగిరిపోయేలా "శరణమయ్యప్పా!" అన్నారు. నన్ను అనాల్సినవన్నీ ఆ ఒక్క శరణంలో అనేశారండీ!

ఆ చలిలో పెరట్లో కొబ్బరి పీచుతో ఒకరి వీపు ఒకరు తోముకున్నారు. గోడ రంగు గుడ్డకి తిరకాసట, తడిగా ఉంటే లేత, ఆరితే ముదురు; నాకప్పుడు తెలిసింది. ఈ రంగు కడిగినా పోదని షాపాయన ముందే చెప్పాడు. నిజాయితీపరుడు. ఇంత జరిగినా భిక్ష చేయకుండా వెళ్ళలేదు, అదే నా అదృష్టం. కాకపోతే గది నట్టనడుమ, ఏ గోడకీ అందకుండా కూర్చుని తిన్నారు.

అందరూ వెళ్ళాక మా ఆవిడ చక్కగా నవ్వింది. "కొండకి క్షేమంగా వెళ్ళి రండి స్వామీ. మాల తీశాక మాట్లాడుకుందాం."

ఆ నవ్వు చూశాక నాకు భక్తి మరింత పెరిగింది. ఈసారి మాల మకరజ్యోతి దాకా ఉంచేసుకుందామని పర్మిషన్ కోసం గురుస్వామిగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన వీపు గోక్కుంటూ, "అలాగే ఉంచుకో స్వామీ" అన్నారు. "నేను మాత్రం నా మాల తీసిన మర్నాడే నీ దగ్గరికొస్తాను."