సరిచూసిన ఇరవై రెండు లెక్కలు

మేడ మీద సిమెంటు తొట్టిలో నీళ్ళు పడే చప్పుడు నాకు బాగా తెలుసు. మొదట అడుగున గలగలమంటుంది, సగానికి వచ్చేసరికి గొంతు బొంగురుపోతుంది, నిండబోయే ముందు దాదాపు వినపడదు. తెనాలిలో మా ఇంట్లో రోజూ పొద్దున మోటారు వేసి, ఆ చప్పుడు మారేదాకా కింద నిలబడతాను. నిండిందని చెవికి తెలిసినా సరే, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి, మూత తీసి చూసి వస్తాను. "నీళ్ళు ఎక్కడికీ పారిపోవు లెండి," అంటుంది మా ఆవిడ. ఆ మెట్లు నాచేత ఎక్కిస్తున్న మనిషి పోయి యాభై ఏళ్ళు కావస్తోందని ఆవిడకు ఎలా చెప్పను?

ఆయన పేరు రంగనాయకులు. రేపల్లెలో మా వెనక వీధి. మా వైపు కాలువల్లో ఇంకా పడవలు తిరిగే రోజుల్లో ఒక లాకు దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఎగువ నీటిలోంచి దిగువకు పడవ దిగాలంటే, దాన్ని రెండు తలుపుల మధ్య నిలబెట్టి, నీటిమట్టం మెల్లగా సమానం చేసి, అప్పుడు ముందు తలుపు తెరవాలి. ఆ సమానం చూడడం ఆయన పని. చదివింది ఎనిమిదో తరగతే గానీ, లెక్కల్లో మా కాలేజీ లెక్చరర్లు ఆయన ముందు దిగదుడుపే. నేను ఆయన్ని బాబాయిగారూ అని పిలిచేవాణ్ణి.

డెబ్బైల మొదట్లో బాపట్లలో డిగ్రీ ఆఖరి ఏడు చదువుతుండగా నోటీసు బోర్డు మీద ఒక కాగితం చూశాను. మేనేజ్‌మెంటు చదువుకు ప్రవేశ పరీక్షట. అందులో ఎక్కువ భాగం లెక్కలే. ఆ చదువేమిటో నాకు సరిగ్గా తెలియదు. మా నాన్నది ఎండుచేపల వ్యాపారం. నిజాంపట్నం నుంచి సరుకు తెచ్చి తెనాలిలో వేసేవాడు. సెలవుల్లో నేనూ గంపలు మోసేవాణ్ణి. బస్సెక్కితే పక్కవాళ్ళు ముక్కు మూసుకుని జరిగి కూర్చునేవాళ్ళు. ఆ వాసనలోంచి బయటపడే దారి ఆ కాగితమొక్కటే అని నాకు తోచింది. పిచ్చి ఆశే, కానీ ఆ వయసులో అంతకంటే మంచిది దొరకలేదు. "రెండేళ్ళు చూస్తానురా. రెండుసార్లు రాసుకో. ఆ తర్వాత గంప నువ్వే ఎత్తాలి," అన్నాడు నాన్న.

అలా బాబాయిగారి అరుగు మీదకు చేరాను. డిగ్రీ అయిపోయింది, పరీక్షకు ఇంకా ఎనిమిది నెలలున్నాయి. బాపట్లలో ఒక పాత పుస్తకం సంపాదించాను. ఇంగ్లీషులో ఉన్న లెక్కను నేను తెలుగులో చెబితే ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. ఒక గొట్టం తొట్టిని ఆరు గంటల్లో నింపుతుంది, ఇంకో గొట్టం తొమ్మిది గంటల్లో ఖాళీ చేస్తుంది. రెండూ ఒకేసారి తెరిస్తే తొట్టి నిండడానికి ఎంతసేపు?

"పద్దెనిమిది గంటలండి," అన్నాను.

"సరే. ఇప్పుడు తిరగేసి చూడు. పద్దెనిమిది గంటల్లో ఎంత నీరు వచ్చింది?"

"మూడు తొట్లండి."

"ఎంత పోయింది?"

"రెండు."

"మిగిలింది?"

"ఒకటండి. నిండు తొట్టి."

"ఊఁ. ఇప్పుడు తలుపు తియ్."

ప్రతి లెక్కకూ అంతే. జవాబు వచ్చాక 'సరిచూచుట' అని కింద రాసి, గీత గీసి, లెక్కను తలకిందులుగా నడిపించి మొదటికి తీసుకురావాలి. అప్పుడుగానీ తలుపు తియ్యమని ఆయన నోటి వెంట రాదు. నాకు విసుగొచ్చేది. "జవాబు వచ్చేసింది కదండి," అంటే, "వచ్చిందని నువ్వంటున్నావు. అది అననీ," అనేవారు, లెక్క వైపు వేలు చూపిస్తూ. ఆ ఇంట్లో గడియారం లేదు. కొన్నాళ్ళకు నాకూ ఆ అలవాటు ఒంటబట్టింది. సరిచూసిన లెక్క ఇచ్చే నిబ్బరం ఇంకేదీ ఇచ్చేది కాదు.

పరీక్ష మద్రాసులో. గంటలో అరవై లెక్కలు. ఒక్కో లెక్క కింద నాలుగు జవాబులు అచ్చేసి ఉన్నాయి, సరైనదాని మీద గుర్తు పెడితే చాలు. నేను మొదటి లెక్క చేసి, చిత్తుకాగితం మీద సరిచూశాను. రెండోదీ అంతే. చుట్టూ అందరూ పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. వదిలి ముందుకు పొమ్మని నాకు నేను చెప్పుకున్నాను. చెయ్యి వినలేదు. గంట కొట్టేసరికి ఇరవై రెండో లెక్క కింద గీత గీస్తున్నాను.

రేపల్లెలో రైలు దిగి ఇంటికి పోకుండా నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"ఎన్ని చేశావు?"

"ఇరవై రెండండి."

"తప్పులెన్ని?"

"ఒక్కటీ లేదండి."

ఆయన ముఖం చేటంత అయింది. లోపలికి తిరిగి, "కాంతం, విన్నావా? ఇరవై రెంటికి ఇరవై రెండూ చేశాడు," అన్నారు.

"ఇరవై రెంటికి కాదు, అరవైకి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "మిగతావి చదవనైనా లేదు. మీ సరిచూడడం వల్లే పోయింది. అక్కడ ఎవడూ సరిచూడడు. కాలువ గట్టున కూర్చున్న మనిషిని నమ్ముకోవడం నాదే బుద్ధి తక్కువ."

ఆయన భుజం మీది కండువా తీసి మడతపెట్టి మళ్ళీ భుజం మీద వేసుకున్నారు. నేను వచ్చేశాను. ఆ మాటలు అన్నందుకు ఈ రోజుకీ నా మీద నాకు అసహ్యం.

తర్వాత బాపట్లలో ఒక ఆఫీసులో చిన్న గుమాస్తా పని దొరికింది. ఇంటికి వచ్చినప్పుడల్లా అమ్మ చెప్పేది, "బాబాయిగారు ఒకసారి రమ్మన్నారు, ఏదో చెప్పాలంట." వెళ్ళలేదు. మొదట కోపంతో, ఆ తర్వాత సిగ్గుతో. వానాకాలంలో ఆయన జ్వరంతో పోయారని ఉత్తరం వచ్చింది. నేను వెళ్ళేసరికి దహనం కూడా అయిపోయింది.

కాంతమ్మ పిన్ని నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కూర్చోమని మంచినీళ్ళిచ్చింది.

"నీకెప్పుడూ చెప్పలేదు కదా. మా పెళ్ళయిన కొత్తల్లో, ఒకరోజు లాకు దగ్గర మట్టం ఒక్కసారే చూసి తలుపు తీయించారు. నీటి మీద గుర్రపుడెక్క ఆకులు అడ్డమొచ్చి మట్టం గీత కనపడలేదంట. నీళ్ళు ఒక్కసారిగా తోసేసరికి పడవ ఒరిగింది. గడ్డిమోపుల మీద కూర్చున్న పిల్లతల్లి మళ్ళీ పైకి రాలేదు. అప్పట్నుంచీ అన్నీ రెండుసార్లు చూసేవారు. అన్నంలో ఉప్పు కూడా."

నేను మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టాను.

"నువ్వు అలా అనేసి వెళ్ళాక పక్కింటి టైంపీసు అడిగి తెచ్చుకున్నారు. 'సరిచూడకుండా చెయ్యడం ముందు నేను నేర్చుకోవాలి, అప్పుడే కదా వాడికి నేర్పేది, వాడికి ఇంకోసారి ఉంది కదా' అనేవారు. టైంపీసు ఎదురుగా పెట్టుకుని లెక్కలు చేసేవారు," అంటూ ఒక నోటు పుస్తకం నా చేతిలో పెట్టింది.

మా పుస్తకంలోని లెక్కలే, నేను తెలుగులో చెప్పినవి. ప్రతి లెక్క కిందా 'సరిచూచుట' అని రాసి, కొట్టేసి ఉంది. కొట్టేశాక ఆగలేక, పేజీ అంచున చీమతలకాయంత అక్షరాలతో మళ్ళీ సరిచూసి ఉంది. పేజీల తరబడి అదే.

రెండోసారి దరఖాస్తు తెచ్చుకున్నాను, నింపాను, పంపలేదు. బాపట్లలోనే రిటైరయ్యాను. నా ఫైలులో తప్పు పట్టిన ఆఫీసరు లేడు, ఆలస్యమని తిట్టని ఆఫీసరూ లేడు.

ఆ నోటు పుస్తకం బీరువాలో ఉంది. ఆఖరి పేజీలో ఒకే లెక్క. ఒక గొట్టం తొట్టిని నాలుగు గంటల్లో నింపుతుంది, ఇంకోటి ఆరు గంటల్లో ఖాళీ చేస్తుంది. కింద 'సరిచూచుట' లేదు, కొట్టివేత లేదు, అంచున ఏమీ లేదు. జవాబు రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు అని ఉంది. పన్నెండు గంటలు రావాలి. బయటికి పోయే నీటిని కూడా లోపలికి వచ్చినట్టే కలిపేశారు, ముప్పై ఏళ్ళు నీటిమట్టం చూసిన మనిషి. పక్కన, "ఒక్క నిమిషంలో అయింది. అబ్బాయికి చెప్పాలి," అని రాసుకున్నారు.

ఎన్నోసార్లు ఆ పేజీ తీసి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. ఆ ఒక్క లెక్కను మాత్రం నేను సరిదిద్దలేదు.